నిశ్శేషం ఎవరిది

ఆనాటి సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: అందరికంటే ముందు పెద్దకోడలు, పిలిచిన వేళకు చాలా ముందే. తరువాత ముద్రణాలయం యజమానురాలైన అత్తగారు. ఆమె వెనుకే, పత్రికలో అక్షరాలు రాసే ముత్యాలుగారు. ఆపైన కొత్త ప్రచురణ సంస్థ పంపిన ప్రతినిధి. వీరందరూ కూర్చుని, మంచినీళ్ళు తాగి, గొంతులు సవరించుకున్న చాలాసేపటికి చిన్నకోడలు. అత్తగారి కొడుకులిద్దరూ ఈ వరుసలో లేరు. యంత్రానికి ఏదో జబ్బు చేసిందని కబురు పంపి కిందే ఉండిపోయారు. ఆ యంత్రం మాత్రం పై అంతస్తు నేల అదిరేలా నిక్షేపంగా తిరుగుతూనే ఉంది.

పుటలు మడతపెట్టే పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. బల్ల అంచుల వెంట ఎండిన జిగురు చారలు కట్టి ఉంది. గోడకు కట్టిన తాడు మీద అచ్చు చూసుకోవడానికి తీసిన కాగితాలు క్లిప్పులకు వేలాడుతున్నాయి. పెద్దకోడలు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నది. వెలుతురు ఎదుటివారి మొహం మీద పడాలి గాని తన మొహం మీద పడకూడదన్నది, చాలాకాలం భాష బోధించిన ఆమెకు తరగతిగదిలో అబ్బిన అలవాటు.

తేలవలసిన విషయం ఒక్కటే. నిశ్శేషం ఎవరిది?

నిశ్శేషమంటే, ఆ ముద్రణాలయం నడిపే బొమ్మల పత్రికలో నింగిపులి అనే వీరుడికీ, బూడిదదొర అనే దుర్మార్గుడికీ మధ్య వారం వారం చేతులు మారే ఆయుధం. దానితో కానిపని లేదు. కొండను పిండి చేయగలదు, నిన్నటిని మళ్ళీ రప్పించగలదు, ఒక వారం చంద్రుణ్ణి చేతిరుమాలులా మడిచి జేబులో కూడా పెట్టింది. దాన్ని పట్టుకుని ఒక వాక్యం పలికితే చాలు, ఆ వాక్యం నిజమైపోతుంది. శేషమంటూ మిగలదు గనుక ఆ పేరు.

దానికి కథ రాసినది పెద్దకోడలు. బొమ్మలు గీసినది చిన్నకోడలు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఒరకు కూడా చిరుగులు పడ్డాయి. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. రాసిన కాగితాలు ముత్యాలుగారి చేతి మీదుగా ఆ గదికి వెళ్ళేవి, గీసిన పుటలు అదే చేతి మీదుగా ఈ గదికి వచ్చేవి. ముత్యాలుగారు గోడ మీద పిల్లి. ఆయన రాసే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి గాని, ఆయన నోటివెంట ఒక్క ముత్యం రాలదు.

ఇప్పుడు పత్రికను అత్తగారు ఆపేస్తున్నారు. కొత్త సంస్థ దాన్ని తీసుకుని నడుపుతానంటున్నది. షరతు ఒక్కటే: ఆయుధం ఏం చేయవచ్చు, ఏం చేయరాదు అన్న విషయంలో ఆఖరి మాట ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరి పేరే ఇకపై ప్రతి సంచిక మీదా సృష్టికర్తగా పడుతుంది. రెండోవారు తప్పుకోవాలి.

"ఇద్దర్నీ ఉంచితే నష్టమేంటని అడిగారండీ మావాళ్ళు," అన్నాడు ప్రతినిధి, అణకువగా. "నేనే వద్దన్నాను. ఇద్దర్ని అడిగి పని చేయించుకోడం ఎలా ఉంటుందో, మీ ఇంటి సంగతి మీకు నేను చెప్పాలా అండీ?"

"చెప్పక్కర్లేదు బాబూ," అన్నారు అత్తగారు. "పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మా పొయ్యికి వేరే నిప్పు అక్కర్లేదు."

పెద్దకోడలు తన వాదం వినిపించింది. ఆ మాటలను ఆమె ఇంట్లోనే కూర్చుకుని వచ్చింది. సర్వశక్తిమంతమైన ఆయుధాన్ని పుట్టించడం ఎవరికైనా చేతనవుతుంది. దానితో కథ నడపడమే కష్టం. అన్నీ చేయగల ఆయుధం చేతిలో ఉంటే కథ మొదటి పుటలోనే ముగుస్తుంది గదా. అందుకే ఆమె దానికొక నియమం పెట్టింది: క్రియ పడేదాకా నిశ్శేషం కదలదు. మన వాక్యంలో క్రియ చివరికి గాని రాదు. ఆ లోపల ఎవరైనా అడ్డుపడవచ్చు. నిశ్శేషం నోటిని చూడదు, వాక్యాన్నే చూస్తుంది. ఎవరు ముగిస్తే వారి మాటే చెల్లుతుంది. "ఈ నగరమంతా బూడిద..." అని దొర గర్జించినప్పుడు, "కాకూడదు" అని నింగిపులి అందుకుని నగరాన్ని కాపాడాడు. "నింగిపులి ఇప్పుడే నా కాళ్ళ ముందు..." అని దొర మొదలుపెడితే, బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలమ్మ "డాన్సు చేస్తాడు" అనేసింది. ఆ సంచిక అంతా వీరుడు డాన్సు చేస్తూనే ఉన్నాడు. పాఠకులు పడీ పడీ నవ్వారు.

"ఆ నియమం లేకపోతే ఆ ఆయుధం ఒట్టి ఇనపముక్క," అని ఆమె ముగించింది. "నియమం నాది. కనుక ఆయుధం నాది."

"ఇనపముక్కేగా! ఆ ఇనపముక్క గీసింది ఎవరో కూడా చెప్పండక్కయ్యా."

తలుపు దగ్గర చిన్నకోడలు నిలబడి ఉంది. చంకలో చుట్టిన దళసరి కాగితం, వేళ్ళ కొసలకు సిరా. ఆలస్యానికి క్షమాపణ చెప్పలేదు. అడిగేవాళ్ళుంటే చెబుదామన్నట్టు చూసింది.

"వెయ్యి ముళ్ళ గద కావాలన్నారు తమరు, చుట్టూ మంటలతో," అంటూ కుర్చీ చప్పుడయ్యేలా లాక్కుని కూర్చుంది. "నేను తలుపు గడియ గీశాను. జానెడు గడియ. 'ఇదేం ఆయుధం, దీంతో దొడ్డితలుపు వేసుకుంటాడా నీ వీరుడు' అని చీటీ రాసి పంపారు. గుర్తుందా? ఆ తర్వాత ఊళ్ళో పిల్లలు ఇళ్ళల్లో గడియలు పీక్కుని వీధుల్లో ఆడుకున్నారు. తలుపులు వేసుకోలేక జనం మన ప్రెస్సు మీదకి తగువుకొచ్చారు. మీ క్రియ పీక్కుని ఎవరైనా ఆడుకున్నారా?"

ప్రతినిధి నవ్వాపుకోలేక దగ్గాడు. చిన్నప్పుడు వాళ్ళింటి గడియ కూడా పోయే ఉంటుంది.

పెద్దకోడలు ఆ నవ్వు విన్నది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెతను పిల్లలకు ఎన్నోసార్లు వివరించి చెప్పిన మనిషి ఆమె. దాని అర్థం ఈ బల్ల దగ్గరే బోధపడుతున్నది. పెళ్ళై వచ్చిననాడు వంచిన తల ఎత్తని పిల్ల, ఏకులా వచ్చి మేకై కూర్చున్నది. ఈ గది, ఈ పత్రిక, చివరకు ఆ గడియ కూడా దానిదేనట. తనకు మిగిలినది నిశ్శేషం ఒక్కటే. అది కూడా పోతే, ఇన్నేళ్ళూ తను చేసినది ఒక గయ్యాళి బొమ్మలకు కింద మాటలు పూరించడమే అవుతుంది.

"వాదాలు తర్వాత," అన్నారు అత్తగారు. "ఆఖరి పుట తెచ్చావా చిన్నమ్మాయ్? సాయంత్రానికల్లా యంత్రమెక్కాలి."

"తెచ్చానత్తయ్యా. అందరూ కళ్ళు తుడుచుకుని చూడండి."

కాగితం బల్ల మీద పరిచింది. మూలలు ముడుచుకోకుండా ముత్యాలుగారు సిరాబుడ్డీలు పెట్టారు.

బొమ్మ అద్భుతంగా ఉంది. ఆ మాట పెద్దకోడలి మనసులోకి అనుమతి లేకుండా వచ్చింది. కూలిన వంతెన కింద నడుము దాకా చిక్కుకుని నింగిపులి పడి ఉన్నాడు, కేక పెడుతున్నట్టు నోరు తెరుచుకుని. పైన, పొగలో, బూడిదదొర. అతని చేతిలో గడియ. అతని తల దగ్గర మాటల బుడగ. ఆమె రాసిచ్చిన వాక్యం "ఈ లోకమంతా ఇక నా పాదాల కింద..." అనేది. దాన్ని వీరుడు అందుకుని తిప్పేయాలి. బుడగలో అది లేదు. రెండే మాటలున్నాయి.

ఇది నాది.

ఆ మాటల పక్కన మిరియపుగింజంత నల్లటి చుక్క. వాక్యం అయిపోయింది. గడియ చుట్టూ వెలుగు గీతలు: ఆయుధం మాట విన్నది. నిశ్శేషం శాశ్వతంగా దొరది.

"ఇదేమిటి?" అన్నది పెద్దకోడలు. "నేను రాసినది ఏమైంది? ముత్యాలుగారూ, ఈ అక్షరాలు మీవేగా?"

"ఆవిడ రాయమన్నారండీ," అన్నారు ముత్యాలుగారు, పైకప్పు వైపు చూస్తూ.

"చెల్లదు. ఇందులో క్రియ లేదు. క్రియ లేనిది వాక్యమే కాదు. నిశ్శేషం కదలదు."

"కాదా?" చిన్నకోడలు బల్ల మీద మోచేతులు ఆనించింది. ఈ ఘడియ కోసమే ఆమె కాచుకుని ఉన్నట్టుంది. "'ఈవిడ మా అత్తగారు.' క్రియ ఏదీ? 'ఆయన ముత్యాలు.' క్రియ ఏదీ? నేను కాపురానికొచ్చిన రోజు మీరు నాతో అన్న మొదటి మాట చెప్పనా? 'ఇది నా వంటిల్లు.' అంతే. క్రియ లేదు. పనిచెయ్యలేదా ఆ మాట? ఇన్నేళ్ళయినా ఆ గుమ్మం దాటడానికి నా కాలు జంకుతుంది!"

"అక్కడ 'అయి ఉన్నది' అనే క్రియ ఉన్నది. పైకి కనబడదు. దాన్ని అధ్యాహారం అంటారు. నువ్వు చదువుకుని ఉంటే తెలిసేది."

"'ఇది నాది అయి ఉన్నది' అని ఎవరు మాట్లాడతారక్కయ్యా? మీరు నిద్రలో కూడా అనరు. అది ఇంగ్లీషువాడి క్రియ. వాడి వాక్యానికి అది లేకపోతే కాళ్ళు విరుగుతాయి. మన వాక్యానికి అక్కర్లేదు. కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు వ్యాకరణం తెచ్చి తెలుగు ఆయుధానికి తగిలించారు మీరు. నియమం నాది, నియమం నాది అని ఊరంతా టముకేశారు. పోనీ చెప్పండి, 'నియమం నాది' అన్నదాంట్లో క్రియ ఎక్కడుంది?"

ప్రతినిధి తల తిప్పి పెద్దకోడలి వైపు చూశాడు. కింద యంత్రం తన పని తను చేసుకుపోతున్నది.

పెద్దకోడలు జవాబు కోసం వెతికింది. తను చదివిన పాఠాలన్నీ వరుసగా తిరగేసింది. ఎక్కడా లేదు. నాది అనడానికి క్రియ అక్కరలేదు. ఎవరైనా, ఏ క్షణమైనా, రెండు మాటలతో నిశ్శేషాన్ని ఎత్తుకుపోవచ్చు. ఇన్నేళ్ళ కథలో దొరకు ఆ రెండు మాటలు తట్టకపోవడం ఒక్కటే లోకాన్ని కాపాడింది. దొరకు తట్టకపోవడానికి కారణం, దొర మాటలు రాసినది తను.

"బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు ప్రతినిధి. ఆ వెంటనే అతని మొహం పాలిపోయింది. "కానీ మేడమ్, ఇలా అయితే మేం ఏం నడుపుతామండీ? అన్నీ చెయ్యగలిగింది వాడిదైపోయాక వచ్చే సంచికలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదు," అన్నది చిన్నకోడలు తాపీగా. "అందుకే గీశాను. మీరు ఎలాగూ ఆవిడ పేరే పెడతారు, చదువుకున్నావిడ కాబట్టి. పెట్టుకోండి. పేరుంటుంది, కింద కథుండదు. నాకు దక్కనిది ఈవిడకి దక్కనిస్తానా?"

"చిన్నమ్మాయ్!" అన్నారు అత్తగారు. "మళ్ళీ గియ్యి."

"గియ్యనత్తయ్యా."

"సాయంత్రం లోపల..."

"గియ్యను. చెయ్యి నాది." ఆ మాట అని పెద్దకోడలి వైపు చూసి, "క్రియ లేదు, చూసుకోండి," అన్నది.

పెద్దకోడలు ఆ ఎత్తిపొడుపు విననట్టే ఉంది. ఆమె చూపు బుడగ మీద ఉంది, దాని పక్కనున్న చుక్క మీద. తప్పుల కాగితాలు దిద్ది దిద్ది, వాక్యాన్ని మనిషి మొహంలా చదవడం అలవాటైన కళ్ళు అవి. క్రియ ఉన్న వాక్యం క్రియతో మూసుకుపోతుంది. దాని తరువాత ఎవరూ చేయి పెట్టలేరు. ఇది అలా కాదు. మూత పెట్టని గిన్నె ఇది.

"బ్లేడు ఇవ్వండి ముత్యాలుగారూ," అన్నది.

"అమ్మా?"

"బ్లేడు. చెరపడానికి వాడేది."

చిన్నకోడలు సగం లేచింది. "నా బొమ్మ మీద చెయ్యి వేస్తే ఊరుకోను!"

"బొమ్మ ముట్టుకోను. నీ బొమ్మలో దోషం లేదు. ఉంటే బాగుండునని ఇందాకటి నుంచీ వెతుకుతున్నాను." ఆమె బ్లేడు వాలుగా పట్టి, ఆ నల్లటి చుక్కను పొరలు పొరలుగా గీకింది. సిరా పొడిగా లేచింది. ఊదింది. కాగితం చిరగలేదు. అప్పుడు కలం అడిగి తీసుకుని, వంతెన కింద పడి ఉన్న వీరుడి తెరిచిన నోటి పక్కన, ఖాళీ ఆకాశంలో, చిన్న బుడగ గీసింది. గీత వంకర పోయింది. బుడగలు గీయడం ఆమెకు అలవాటు లేదు. అందులో ఒక్క మాట రాసింది.

కాదు.

ప్రతినిధి రెండు బుడగలనూ వరుసగా, పైకే చదివాడు. "ఇది నాది... కాదు." మళ్ళీ చదివాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "దొర నోటితో మొదలై... అయ్యబాబోయ్! వాడి మాటతోనే వాడికి కాకుండా పోయింది!"

"నిశ్శేషం వాక్యాన్నే చూస్తుంది, నోటిని కాదు," అన్నది పెద్దకోడలు. "నాది అనడానికి క్రియ అక్కరలేదు. ఒప్పుకున్నాను. నాది కాదు అనడానికి కావాలి. 'కాదు' క్రియ. క్రియ లేని ప్రతి వాక్యం వెనుకా దానికి చోటు ఉంటుంది. ఎవరైనా రావచ్చు, ఎప్పుడైనా రావచ్చు. నాది అన్నవాడు ఇక రాత్రీ పగలూ కాపలా కాసుకోవలసిందే. రాబోయే సంచికలకు అది చాలుననుకుంటాను."

చిన్నకోడలు బొమ్మ మీదికి వంగింది. కొత్త బుడగ గీత వెంట వేలు పోనిచ్చింది. "బుడగ వంకరగా ఉంది," అన్నది చివరకు. ఆమె నోట అంతకుమించిన మెచ్చుకోలు ఎవరూ ఎన్నడూ వినలేదు గాని, దాన్ని కూడా తిట్టులాగే అన్నది.

అత్తగారు బల్ల మీద అరచేత్తో చరిచారు. తీర్పు చెప్పేముందు ఆమె అలా చరవడం అందరికీ తెలుసు. ఆమె తీర్పుకు మధ్యలో అడ్డుపడిన మనిషి ఆ ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు, మెట్టలేదు.

"అయితే తేలిపోయింది. కథ చంపినావిడ ఒకరు, బతికించినావిడ ఒకరు. రాసుకో బాబూ. నిశ్శేషం మా పెద్దకోడలిది—"

ఆ వాక్యం కోసం పెద్దకోడలు ఏళ్ళ తరబడి కాచుకున్నది. వచ్చింది. అత్తగారి నోట, పరాయివారి ముందు, ఎదురుగా తోడికోడలు మొహం మాడ్చుకుని వింటుండగా వచ్చింది. ఆమె ఆశించిన తీపి ఒక్క క్షణం నిజంగానే నాలుకకు తగిలింది. ఆ మరుక్షణమే, తరగతిలో ఎవరో తప్పు చదివినప్పుడు లేచే అసహనం లేచింది. ఈ వాక్యం సరికాదు. ఆమె పెట్టిన నియమం ఇందాకే, ఈ బల్ల మీదే, అందరి ముందూ చచ్చిపోయింది. ఇకమీదట నిశ్శేషానికి ఉన్న నియమం వేరొకటి, దాన్ని కనుగొన్నది వేరొకరు. తను చేసినది దానికి తోక తగిలించడం. తప్పని తెలిసిన వాక్యాన్ని, తనకు లాభమని, దిద్దకుండా వదలడం ఆమెకు చేతకాదు. ఎవరి పేపరులోనూ వదలలేదు.

"కాదు," అన్నది.

అత్తగారి అరచేయి బల్ల మీద అలాగే ఉండిపోయింది. ముత్యాలుగారు పైకప్పు మీదినుంచి చూపు దించారు.

"ఏమన్నావు?"

"నిశ్శేషం పెద్దకోడలిది కాదు అన్నానత్తయ్యా. మీ మాటకి అడ్డొచ్చినందుకు మన్నించండి. వాక్యం తప్పు." ఆమె ప్రతినిధి వైపు తిరిగింది. "రాసుకోండి. చిన్నకోడలిది. గడియ ఆవిడది, ఇప్పుడు నియమమూ ఆవిడదే. ఇన్నాళ్ళూ ఆ చిల్లు నా కళ్ళెదుటే ఉంది, నాకు కనబడలేదు. చిల్లు కనిపెట్టినవాళ్ళదే కుండ."

"మీరు దానం చేస్తే పుచ్చుకునేదాన్ని కాను నేను," అన్నది చిన్నకోడలు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"దానమా? నీకా? నీ నోరు, నీ తీరు నాకు ఈ జన్మలో నచ్చవు. రేపు వీధిలో ఎదురైతే పక్కసందులోంచి పోతాను. ఇది దానం కాదు, సవరణ. అచ్చు తప్పు కనబడితే దిద్దుతాను. అది నీ పేరైనా సరే."

"అలా అయితే తీసుకుంటా," అన్నది చిన్నకోడలు మొండిగా. "మీ జాలి నాకొద్దు. సవరణయితే సరే. పక్కసందులోంచే పోండి. పెద్దవీధిలో నేను నడుస్తాను."

"నడువు. ఎవరు వద్దన్నారు?"

ప్రతినిధి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పేరు రాసుకున్నాడు. చిన్నకోడలు తన కలం తీసుకుని, ఆ వంకర బుడగ గీతను మాత్రం సరిచేసింది. లోపలి మాట జోలికి పోలేదు. కాగితం చుట్టి, ఎవరికీ చెప్పకుండా, యంత్రం ఉన్న కింది అంతస్తుకు మెట్లు దిగింది. పెద్దకోడలు తన సంచీ సర్దుకున్నది. ఇక ఈ బల్ల దగ్గర తనకు పని లేదు. లేచి నిలబడింది. కుర్చీని బల్ల కిందికి తోసింది.

"కూర్చో పెద్దమ్మాయ్," అన్నారు అత్తగారు. "నేనింకా లేవలేదు. ముత్యాలూ, కలం తియ్యి. ఆఖరి పుట అడుగున చోటుంది కదా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

ముత్యాలుగారు రాశారు. ఆ సాయంత్రం అచ్చయిన ఆఖరి పుట అడుగున ఆ మాటలు ఇలా ఉన్నాయి:

"ఈ పుటలో నింగిపులి నోట పలికిన 'కాదు' అనే క్రియను రచించినవారు ఈ ముద్రణాలయపు పెద్దకోడలు. రచించిన పిదప ఆమె దానిని సభాముఖంగా తనకు వ్యతిరేకంగానే ప్రయోగించారు. ఆమె చేసిన ఈ పనిని యజమానురాలు స్వయంగా చూశారు, ఇందుమూలంగా గౌరవపూర్వకంగా గుర్తిస్తున్నారు."